సన్యాసమ్మకి తోడు

మా సన్యాసమ్మ పెద్దత్తకి భయం. దేనికి అని అడక్కండి. దేనికి కాదు అని అడిగితే జవాబు చెప్పడం నాకు తేలిక. అన్నానికీ నిద్రకీ భయపడదు. మిగతావన్నీ ఆవిడ జాబితాలో ఉన్నాయి. బల్లి, బస్సు, ఉరుము, ఊరకుక్క, కరెంటు స్తంభం, సూది మందు, పోస్టుమేను. పోస్టుమేనంటే ఎందుకు భయం అంటే, టెలిగ్రాం తెస్తాడేమోనని. మా ఊరికి టెలిగ్రాం వచ్చి పదేళ్ళయింది. అయినా సైకిలు బెల్లు వినబడితే చాలు, పక్కనున్నవాళ్ళ చెయ్యి గట్టిగా పట్టేసుకునేది.

పట్టుకుంటే మామూలు పట్టు కాదు. మనిషి ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ. జీడి పిక్కల బస్తా ఒక్కర్తే ఎత్తి బండిలో వేసేది. ఆ బస్తా మీద బల్లి కనబడితే బస్తాతో సహా పరిగెత్తేది. "ఓలమ్మా, నాకసలే బయ్యం!" అని ఆవిడ అరిస్తే ఇటు మందస రోడ్డు మీద బస్సు డ్రైవరు బ్రేకు వేసేవాడని చెప్పుకునేవారు. నేను చూడలేదు గానీ, వేసే ఉంటాడు.

పెద్దత్త మా అత్తగారు మహాలక్ష్మికి పెదనాన్న కూతురు, అక్క వరస. "అప్పా" అని పిలిచేవారు. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. ఊరి చివర మరిది కొడుకు పోలారావు ఇంట్లో ఉండేది. హైస్కూలు గోడ వెనక ఆవిడకో జీడితోట ఉంది. దానికి కాపలా పోలారావే కాస్తాడని ఊరందరి నమ్మకం. బల్లికి బస్తాతో పరిగెత్తే మనిషి తోటకి కాపలా కాస్తుందని ఎవరనుకుంటారు?

నేను కుసుమని, ఆ ఇంటి కోడల్ని. ఈ కథ రెండువేల మూడులో జరిగింది. అప్పటికి నాకు పెళ్ళై మూడేళ్ళు. మా ఆయన యువరాజు అండమాన్‌లో తాపీపని చేసేవారు. మూడేళ్ళలో మేం కలిసి ఉన్నది నాలుగు నెలలు. ఆడ కానిస్టేబుల్ పోస్టులు పడ్డాయని తెలిసి దరఖాస్తు పెట్టాను. "నీకు ఉద్యోగం వచ్చిందని ఉత్తరం రాయి, నేను ఓడ ఎక్కేస్తాను. తోట చూసుకుంటూ ఇంట్లోనే ఉంటాను" అని ఆయన రాశారు. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

రాత పరీక్ష పాసయ్యాను. కూర్చుని రాసే పరీక్ష కాబట్టి మా అత్తగారు అభ్యంతరం చెప్పలేదు. తర్వాత కార్డొచ్చింది. మే నెలాఖరున శ్రీకాకుళంలో పరుగు. రెండున్నర కిలోమీటర్లు, పదహారు నిమిషాల్లో. తప్పితే ఇంటికి. అప్పటిదాకా నేను పరిగెత్తిన అతి పెద్ద దూరం, పాలు పొంగినప్పుడు వాకిట్లోంచి పొయ్యి దాకా.

అదృష్టంకొద్దీ మా ఊళ్ళో ఢిల్లీరావు మాస్టారున్నారు. ఆయన పాఠాలు చెప్పే మాస్టారు కాదు, ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరై వచ్చారు. తన మేనకోడలు శ్రావణికి కూడా కార్డొచ్చేసరికి, హైస్కూలు గ్రౌండులో ఆడవాళ్ళకి నలభై అయిదు రోజుల క్యాంపు పెడుతున్నానని చాటించారు. ఎనిమిదిమంది పేర్లిచ్చారు. "దీన్ని ఆర్మీలో బూట్ క్యాంప్ అంటారు" అని మొదటిరోజే చెప్పారట. అందరిలో బూట్లున్నది ఆయనకొక్కరికే.

"చెప్పారట" అంటున్నానంటే మొదటిరోజు నేను వెళ్ళలేదు. మా అత్తగారు పంపలేదు.

"తెల్లారగట్ల కోడలు రోడ్డుమీద పరిగెడితే సూసినోలు ఏటనుకుంటారు? ఎవుడో తరుముతున్నాడనుకుంటారు. నేకపోతే నానే తరిమీసేననుకుంటారు" అన్నారావిడ.

పెరట్లోకి వెళ్ళి అంట్లు తోముతూ ఏడ్చాను. ఉద్యోగం పోతోందని కాదు, అండమాన్ ఇంకా దూరం జరుగుతోందని. అప్పుడే మజ్జిగ కోసం పెరటి గుమ్మంలోంచి పెద్దత్త వచ్చింది. నన్ను చూసింది, గోడ మీద తొండని చూసింది. తొండని చూసి కేక పెట్టింది. నా సంగతి ఏమీ అడగలేదు. మజ్జిగ కూడా మర్చిపోయి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి మా వీధి తలుపు ఊడినంత పనైంది.

"మాలచ్చిమీ! ఓలే మాలచ్చిమీ! తలుపు తియ్యే, సచ్చిపోతన్నాను!"

అత్తగారు దీపం పట్టుకుని వెళ్ళి తీశారు. "ఏటప్పా? ఏటయ్యింది?"

"పలాస డాట్రు నన్ను నడవమన్నాడే. సుగరంట. నడవకపోతే కాలు తీసేత్తాడట. గ్రౌండు కాడ ఢిల్లీరావు ఆడోళ్ళని నడిపిత్తన్నాడు కదా, అక్కడికని బయల్దేరినాను. వీధి మలుపులో సీకటి. నాకసలే బయ్యం. నీ కోడల్ని తోడంపు."

"దానికి ఇంట్లో పనుందప్పా."

"అయితే నువ్వే రా."

అత్తగారు తన మోకాళ్ళకేసి చూసుకున్నారు. తర్వాత నాకేసి చూశారు.

మా ఊళ్ళో పంచదార అడిగితే లేదనొచ్చు. ముగ్గుపిండి అడిగితే లేదనొచ్చు. భయపడుతున్న ఆడమనిషి తోడు అడిగితే మాత్రం లేదనకూడదు. ఆస్పత్రికైనా, ఊరవతలి పొలానికైనా, సినిమాకైనా సరే. కాదన్నాక దారిలో ఆవిడకి ఏదైనా అయితే, ఊరు ఆ ఇంటిని జన్మలో వదలదు. అందులోనూ అడుగుతున్నది అక్క.

"ఒలే కుసుమా, పెద్దత్తతో ఎల్లు. నడిపించి తెచ్చీయి. నువ్వు మాత్రం పరిగెట్టకు" అన్నారు అత్తగారు.

గ్రౌండులో పెద్దత్త ఇరవై అడుగులు నడిచింది. గోల్‌పోస్టు పక్కనున్న రాయి మీద కూలబడింది. "నావల్ల కాదు గానీ, నా బదులు నువ్వో సుట్టు తిరిగి రా. డాట్రుకి నానేదో సెప్పుకుంటాను."

"నేను తిరిగితే నీ సుగర్ ఎలా తగ్గుతుంది పెద్దత్తా?"

"ఎదురుమాటాడకు. బేగి తిరిగి రా. ఒక్కర్తినీ కూకోలేను, బయ్యం."

నడిచి వెళితే ఆలస్యం. ఆలస్యమైతే ఆవిడ అరుస్తుంది. ఊరు లేస్తుంది. అందుకని పరిగెత్తాను. తోడుకోసం పరిగెత్తితే అది పరుగు కిందకి రాదని ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పాను. ఆవిడ కందిపప్పు ఏరుతూ చాలాసేపు ఆలోచించి, రాదనే అన్నారు.

మూడోరోజు ఢిల్లీరావు మాస్టారు విజిల్ కొన్నారు. కాశీబుగ్గ బజారంతా తిరిగి తెచ్చిన ఇత్తడి విజిల్. ఆయన ఛాతీ నింపుకుని ఊదారు. పెద్దత్త కెవ్వుమని కన్నమ్మ మీద పడింది. కన్నమ్మ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని చేసేది, మా అందరిలోకీ సన్నగా ఉండేది. ఇద్దర్నీ లేవదీయడానికి నలుగురం పట్టాం.

"తుపాకీ అనుకున్నాను బాబూ" అంది పెద్దత్త గుండె పట్టుకుని.

"తుపాకీ శబ్దం ఇలా ఉంటుందా అమ్మా?"

"నాకేటి తెలుసు, నాను మిల్ట్రీకెల్నానా?"

విజిల్ జేబులోకి పోయింది. మాస్టారు గొంతెత్తి "సావధాన్!" అన్నారు. దానికీ ఆవిడ అదిరిపడింది. ఆఖరికి ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న హవల్దారు మెల్లగా, మర్యాదగా "అమ్మా, కాస్త సావధాన్ అండి. అమ్మా, ఇక జల్దీ అండి" అనడం అలవాటు చేసుకున్నారు. అంతకుముందు ఆయన కేకలకి హడలిపోయిన ఆడపిల్లలందరికీ ఆ రోజునుంచే ప్రాణం లేచొచ్చింది. ఇది నాకు అప్పుడు తట్టలేదు.

నాలుగోరోజుకి మా ఒళ్ళు మాది కాదు. కూర్చుంటే లేవలేం, లేస్తే కూర్చోలేం. పీట మీద కూర్చుని అన్నం తినాలంటే గోడ పట్టుకుని దిగాల్సి వచ్చేది. శ్రావణి మానేస్తానంది. కన్నమ్మ మానేసింది. నాకూ లోపల ఆశ పుట్టింది, రేపు పెద్దత్తకి జ్వరం వస్తే బాగుండునని.

రాలేదు. పైగా ఆవిడకి కొత్త భయాలు వచ్చాయి. ఆ తెల్లవారి నన్ను లేపి, గ్రౌండుకేసి కాకుండా శ్రావణి వాళ్ళ వీధికి లాక్కెళ్ళింది. ఆ వీధిలో కుక్కలున్నాయట. అసలు ఆ వీధిలోకి ఎందుకెళ్ళాలి అంటే, అది దగ్గర దారట. కాదు, చుట్టుదారి. నేను ఆ మాట అనేలోపే శ్రావణి తలుపు బాదింది.

"అమ్మాయ్, మీ ఈధి కుక్కలకి మీరైతే పరిచయం. గ్రౌండు దాకా తోడు రా."

అక్కణ్నుంచి కన్నమ్మ వీధి. అక్కడ ట్రాన్స్‌ఫార్మరు బుయ్‌మంటుంది, అది పేలుతుందని ఆవిడ భయం.

"పెద్దమ్మా, నా కాళ్ళు లేవట్నేదు" అంది కన్నమ్మ మంచం మీంచే.

"నీ కాళ్ళెవులికి కావాలే, నీ గొంతు సాలు. ట్రాన్స్‌ఫార్మరు దాటీదాకా మాటాడుతూ ఉండు."

దాటాక కన్నమ్మ వెనక్కి తిరగబోయింది. పెద్దత్త ఆ చెయ్యి వదల్లేదు. "ఓలమ్మా, ఇప్పుడు నువ్వొక్కర్తివీ ఎనక్కి ఎల్తావేటి? తల్సుకుంటేనే నాకు బయ్యమేత్తంది. గ్రౌండు కాడికొచ్చి అందరితో కలిసి ఎల్దువుగాని."

అలా రోజుకో వీధి, వీధికో భయం. వారం తిరిగేసరికి తెల్లవారుజామున మా ఊళ్ళో చిన్న ఊరేగింపు బయల్దేరేది. మధ్యలో ఆరడుగుల పెద్దత్త, చుట్టూ ఆవిణ్ని ఓదారుస్తూ ఎనిమిదిమంది ఆడవాళ్ళు. ఆ నెలంతా ఒక్కరు ఒక్కరోజు మానలేదు. మాస్టారు హాజరు వేసి మీసం సవరించుకునేవారు. "చూశారా, ఆర్మీ డిసిప్లిన్ అంటే ఇదీ" అనేవారు.

ఇహ నా సంగతి. గ్రౌండు చుట్టూ పది చుట్లు తిరిగితే రెండున్నర కిలోమీటర్లు. మొదట్లో ఇరవైరెండు నిమిషాలు పట్టింది. మూడు వారాలకి పదిహేడున్నరకి వచ్చాను. అక్కడ ఆగిపోయాను. ఎనిమిదో చుట్టు దగ్గరికొచ్చేసరికి ఊపిరి గొంతులో అడ్డం పడేది. కాళ్ళు బరువెక్కి కాదు, భయంతో. నిజంగానే భయం. ఈ చుట్టు అవ్వదు, ఈ పరుగు అవ్వదు, ఆయన ఓడ ఎక్కరు, నేను ఇలాగే పీట మీద కూర్చుని ఉత్తరాలు చదువుకుంటూ ముసలిదాన్నైపోతాను అనిపించేది. ఆ ఆలోచన రాగానే నడిచేసేదాన్ని. ఈ భయం ఎవరికీ చెప్పలేదు. మా గుంపులో భయపడే ఉద్యోగం అప్పటికే ఒకరికి ఇచ్చేశాం కదా.

ఒకరోజు ఎనిమిదో చుట్టులో నేను నడుస్తుంటే, గోల్‌పోస్టు దగ్గర ఉండాల్సిన పెద్దత్త గ్రౌండుకి అవతలి మూల, జీడితోట గోడ పక్కన కనబడింది. "కుసుమా! ఒలే కుసుమా! తోటలో ఏదో కదిలింది! బేగి రా!"

ఒక్క ఉరుకున వెళ్ళాను. నేను ఆ మూలకి చేరేసరికి ఆవిడ లేదు. ఎదురుగా రెండో మూలలో ఉంది. "ఇక్కడా కదిలిందే! రా తల్లీ!"

అంత లావు మనిషి మూలకి అడ్డంపడి అంత వేగంగా ఎలా వెళ్ళిందో నేను ఆలోచించలేదు. ఆలోచించడానికి ఊపిరేదీ? ఆ రోజు పదహారు నిమిషాల నలభై సెకండ్లు. మర్నాడు కూడా తోటలో ఏదో కదిలింది. ఆ మర్నాడూ కదిలింది. మే రెండోవారానికి పదహారూ పదికి వచ్చాను.

అప్పుడు తోటలో నిజంగానే కదిలింది.

జీడిపళ్ళ వాసనకి ఎలుగుబంటి దిగింది. మన్మథరావని, కొబ్బరికాయలు దింపే ఆయన, పొద్దున్నే హైస్కూలు వెనకనుంచి వస్తుంటే వెంటపడిందట. ఆయన దొరికిన కొబ్బరిచెట్టు ఎక్కి, మధ్యాహ్నందాకా దిగలేదు. "కాయలు దింపడానికి ఎక్కితే పది నిమిషాలు. ఇయ్యాల నన్ను దింపడానికి పదిమంది రావాల్సొచ్చింది" అని వణుకుతూ చెప్పాడు. ఊరు ఊరంతా తలుపులేసుకుంది. మాలో నవ్వినవాళ్ళెవరూ లేరు. ఎలుగు చెయ్యి వేస్తే మొహం ఏమవుతుందో మా ఉద్దానం ఊళ్ళల్లో చిన్నపిల్లలక్కూడా తెలుసు.

పరుగుకి ఇంకా పన్నెండు రోజులే. క్యాంపు మూతపడింది. మాస్టారి ఇంటికి వెళ్ళి అడిగితే, "నాకు శత్రువుతో పోరాడ్డానికి ట్రైనింగ్ ఇచ్చారమ్మా, ఎలుగుతో కాదు" అన్నారు.

మర్నాడు నాలుగింటికే మెలకువొచ్చి పడుకున్నాను. తలుపు చప్పుడు కోసం చూస్తూ. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోరోజుకి నాకు పరుగు భయం పోయి పెద్దత్త భయం పట్టుకుంది. తొండకే ప్రాణం పోయే మనిషి, ఎలుగంటే ఏమైపోయిందో!

మా అత్తగారికీ అదే బెంగ. "అప్ప మంచం పట్టీసుంటాది" అని చోడిజావ, అదే రాగిజావ, కాసి ఇచ్చి పంపారు.

పోలారావు ఇంటికెళ్ళాను. అతని భార్య గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతోంది.

"పెద్దత్తా? ఇక్కడెక్కడుంది? జీడి కాపు మొదలైన కాడ్నుంచి తోటలో పాకలోనే కదా. ఏటా అంతే. రెండు నెల్లు అక్కడే పడుకుంటాది."

"ఎవరితో?"

"ఎవులితో ఏటి? ఒక్కర్తే."

జావ గిన్నె చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. తోట హైస్కూలు గోడ వెనక. అంటే పెద్దత్త రోజూ తెల్లవారుజామున ఒక్కర్తే తోటలోంచి బయల్దేరి, గ్రౌండు పక్కనుంచి వచ్చి, ట్రాన్స్‌ఫార్మరు దాటి, కుక్కల వీధి దాటి, చీకటి మలుపు దాటి, మా ఇంటి తలుపు కొట్టి, "గ్రౌండుకెళ్ళడానికి భయం, తోడు పంపు" అని అడిగేది. నెల రోజులపాటు. ఇంటర్ పాసైన నాకు గానీ, రిటైరైన హవల్దారుకి గానీ, ఊళ్ళో ఒక్కరికి గానీ, ఈవిడ మా ఇంటిదాకా ఎవరి తోడుతో వస్తోందని అనుమానం రాలేదు.

సుగర్ కూడా అబద్ధమేనని అప్పుడు తట్టింది. సుగరన్న మనిషికి పంపే చోడిజావలో అత్తగారు దండిగా బెల్లం వేశారు, నా బుర్రకి అదీ ముందు తట్టలేదు.

కానీ నవ్వుకునే సమయం కాదది. ఎలుగున్న తోటలో ఆవిడ ఒక్కర్తే ఉంది. మాస్టార్నీ కన్నమ్మనీ వెంటబెట్టుకుని బయల్దేరాను. చేతుల్లో తలో కర్ర. ఎండ ఇంకా ఉంది గానీ జీడిచెట్ల కింద నేలదాకా వాలిన కొమ్మల్లో చీకటిగా ఉంది. రాలిన పళ్ళు పులిసిపోయి వాసన. ఎండుటాకుల మీద అడుగు వేస్తే ఆ చప్పుడుకి మేమే ఉలిక్కిపడుతున్నాం. మాస్టారు మా ఇద్దరి మధ్యా నడిచారు. జావ చేతి మీద ఒలికిపోతున్నా గిన్నె వదలాలన్న తెలివి లేదు.

దడ్, దడ్, దడ్ మని డబ్బా చప్పుడు వినబడింది. కొమ్మ పక్కకి తీసి చూశాం.

పనసచెట్టు కింద ఎలుగు. నల్లగా, గుట్టలా. దానికి ఇరవై అడుగుల్లో మా సన్యాసమ్మ పెద్దత్త. ఒక చేతిలో కిరసనాయిలు డబ్బా, రెండో చేతిలో దుడ్డుకర్ర. చీర గోచీ పోసి కట్టింది.

"ఏటి మావా, సెప్తే ఇనపడ్నేదేటి నీకు? మూడ్రోజులై సెప్తన్నాను. పళ్ళు తిన్నావు, నానేటీ అన్నేదు. పనసకాయ తిన్నావు, పోనీ అనుకున్నాను. కడుపు నిండిపోనాది కదా, ఇంక ఎల్లిపో. ఆ గ్రౌండు కేసి మాత్రం సూడకు. అక్కడ నా ఆడగుంటలు పరిగెడతారు. ఆలకసలే బయ్యం!"

మళ్ళీ డబ్బా దడదడ వాయించింది. ఎలుగు ఆవిడకేసి కాసేపు చూసింది. గుర్రుమంది. ఆవిడ అంతకంటే గట్టిగా గుర్రుమంది. అది వెనక్కి తిరిగి, మెట్టవైపు తుప్పల్లోకి, విసుక్కుంటున్నట్టు మెల్లగా వెళ్ళిపోయింది.

నా చేతిలోంచి గిన్నె పడింది. ఆ చప్పుడుకి పెద్దత్త తిరిగింది. మమ్మల్ని చూసింది. కర్ర పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది, కళ్ళు ఒక్కసారి అటూ ఇటూ తిరిగాయి. మరుక్షణం డబ్బా కింద పడేసింది.

"ఓలమ్మో కుసుమా! వచ్చీసేవా తల్లీ! బయ్యంతో సచ్చిపోతన్నానే!" అంటూ వచ్చి నన్ను వాటేసుకుంది. వణుకుతున్నది నేను. ఆవిడ చేతులు రాయిలా ఉన్నాయి.

ఢిల్లీరావు మాస్టారు కర్ర పక్కన పెట్టి, మడమలు కలిపి సెల్యూట్ కొట్టారు. ఆ చెయ్యి లేచేసరికి పెద్దత్త "అమ్మో!" అని నా వెనక్కి నక్కింది. అంత మనిషి నా వెనక ఎలా పడుతుంది? అయినా నక్కింది.

మేం ముగ్గురం ఈ సంగతి ఊళ్ళో ఎక్కడా అనలేదు. అంటే ఆవిడకి రేపట్నుంచి తోడెవరు వస్తారు? వాళ్ళు రాకపోతే క్యాంపుకెవరు వస్తారు?

మర్నాడు నాలుగున్నరకి తలుపు అదిరింది. అత్తగారు సగమే తీశారు. "నాను పంపనప్పా. ఎలుగ్గొడ్డు తిరుగుతోందట."

"అందుకే కదే తోడడుగుతున్నాను! ఎలుగ్గొడ్డు నేకపోతే నానొక్కర్తినీ ఎల్లీలేనేటి?"

అత్తగారు తలుపు రెండో రెక్క కూడా తీశారు. మిగిలిన రోజులూ పరిగెత్తాం. ఎలుగు మళ్ళీ కనబడలేదు. పెద్దత్త మాత్రం మూలకొక్కసారి అరుస్తూనే ఉంది. నేను మాత్రం పదహారూ రెండు దగ్గర ఆగిపోయాను. ఆ రెండు సెకండ్లు చివరిదాకా తగ్గలేదు.

శ్రీకాకుళం వెళ్ళేరోజు నాకు తోడు పెద్దత్తే. పలాసలో బస్సెక్కింది మొదలు టెక్కలి, కోటబొమ్మాళి దాటేదాకా ఎదురొచ్చిన ప్రతి లారీకీ కేక పెట్టింది. కండక్టరు రెండుసార్లు బస్సాపి మంచినీళ్ళిచ్చాడు. ఆవిణ్ని సముదాయించడంలోనే నా ప్రయాణం అయిపోయింది. దిగేదాకా పరుగు గుర్తే రాలేదు.

గేటు దగ్గర గుర్తొచ్చింది. కార్డున్నవాళ్ళే లోపలికి, తోడొచ్చినవాళ్ళు బయటే అన్నాడు సెంట్రీ. లోపల ఎంతోమంది అమ్మాయిలు, పొడుగ్గా, గట్టిగా, బూట్లతో. ఆ రెండు సెకండ్లు కళ్ళముందు నిలబడ్డాయి.

"పెద్దత్తా, నాకు భయమేస్తోంది" అన్నాను. నలభై అయిదు రోజుల్లో ఆ మాట నేను అనడం అదే మొదలు.

ఆవిడ కేక పెట్టలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకోలేదు కూడా. నా చున్నీ తీసి తన భుజాన వేసుకుంది, చెప్పులు విప్పమని సంచిలో పెట్టుకుంది.

"నీకు పరిగెట్టే పనుంది కదే. రెండు పన్లు ఒక్కర్తివీ ఏటి సేత్తావు? బయ్యపడ్డానికి నానున్నాను. ఆ గోడనీడన కూకుని, నీ వంతు కూడా నానే పడతాను. నువ్వెల్లు."

వెళ్ళాను. ఆఖరి రెండు చుట్ల దగ్గర, ఎప్పుడూ గొంతుకి అడ్డం పడే చోట, భయం కోసం ఎదురుచూశాను. రాలేదు. అది బయట గోడనీడన కూర్చుని ఉందని తెలుసు. అక్కడ దాన్ని పెద్దత్త చూసుకుంటోంది. నేను ఊరికే పరిగెత్తాను. గీత దాటాక గడియారం పట్టుకున్నాయన "పదిహేనూ యాభై ఒకటి, పాస్" అన్నాడు. మళ్ళీ చెప్పమన్నాను. విసుక్కుంటూ మళ్ళీ చెప్పాడు. ఉద్యోగం కాయితం రావడం, మా ఆయన ఓడ దిగడం, తర్వాత జరిగాయి గానీ, నాకు మాత్రం ఆయన ఆ నిమిషంలోనే వచ్చేసినట్టనిపించింది.

పెద్దత్తకి చెబుదామని గేటుకేసి పరిగెత్తాను. ఆవిడ నీడన లేదు. గేటు పక్కన ఎవరో అమ్మాయి, ఎవరో ఏమిటో, కార్డు నలిపేస్తూ, లోపలికి రానని వెక్కి వెక్కి ఏడుస్తోంది. తోడెవరూ వచ్చినట్టు లేదు. లోపల నెంబరు పిలుస్తున్నారు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని మా పెద్దత్త నిలబడి ఉంది, మొహమంతా భయం పులుముకుని.

"ఓలమ్మా, ఆ గేటు కాడ పోలీసోడ్ని సూత్తే నాకు గుండాగిపోతంది. ఆ లోపలున్న బల్ల దాకా ఎల్లాల. నాకసలే బయ్యం. కాస్త తోడు రావే తల్లీ."

ఆ అమ్మాయి మొహం తుడుచుకుంది. పెద్దత్త భుజం చుట్టూ చెయ్యి వెయ్యబోయింది, అందలేదు, నడుం దగ్గర వేసింది. "భయమెందుకు పెద్దమ్మా? నేనున్నాను కదా, పదండి" అంది. సెంట్రీ అడ్డమొస్తే, "ఆవిడకి భయమండీ, నాతో వస్తారు" అని తనే గట్టిగా చెప్పింది.

ఇద్దరూ లోపలికి వస్తూ నాకు ఎదురయ్యారు. నేను ఎగిరి గంతేయబోతుంటే పెద్దత్త నా మొహం చూసి సంగతి తెలుసుకుంది. కళ్ళతోనే నవ్వి, నా సంచి నాకిచ్చేసింది.

"నువ్వెల్లి నీల్లు తాగు. నాకు తోడు దొరికింది" అంది.